కంటి పక్కన చక్రం

కెమెరాల అలమర అద్దాన్ని మిజుయే బయటి నుంచే తుడుస్తుంది. లోపల చెయ్యి పెట్టడానికి వీల్లేదు. సముద్రపు గాలికి లెన్సులు బూజు పడతాయని భర్త షిగెకి ప్రత్యేకంగా తెప్పించుకున్న, తేమ చొరబడని అలమర అది. మూలనున్న చిన్న దీపం రాత్రింబగళ్ళు పచ్చగా వెలుగుతూ ఉంటుంది. ఈ ఇంట్లో పరుపులకు తేమ పడుతుంది, బియ్యానికి తేమ పడుతుంది, వానాకాలం వస్తే అత్తగారి మోకాళ్ళకూ పడుతుంది. ఆ అలమర ఒక్కదానికే పట్టదు. "నూనె చేతులతో తలుపు తియ్యకమ్మా," అంటాడు షిగెకి, పేపరులోంచి తల ఎత్తకుండానే. నూనె చేతులన్న మాట నిజమే. తెల్లవారకుండానే సూపర్‌మార్కెట్ వెనక వంటగదికి వెళ్ళి బంగాళదుంప కట్లెట్లు, రొయ్యల తెంపురా వేయించి వస్తుంది మిజుయే. ఎంత కడిగినా గోళ్ళ కింద ఆ వాసన ఉండిపోతుంది. కాని ఆ చేతులతోనే ఆయనకు అన్నం ముద్దలు కడుతుంది, చొక్కాలు ఇస్త్రీ చేస్తుంది. ఆయన కళ్ళజోడు కూడా ఆమే కడిగి, తుడిచి, దిండు పక్కన పెడుతుంది. అప్పుడెప్పుడూ ఆయనకు నూనె గుర్తు రాలేదు.

షిగెకి 'అమ్మా' అనేది తల్లిని కాదు, భార్యని. కూతురు కనయె పుట్టిన నాటి నుంచీ భార్యను అమ్మా అనీ, తల్లిని నానమ్మా అనీ పిలుస్తాడు. జపానులో, తకమత్సు ఊళ్ళో, ఆ వీధి మగవాళ్ళందరిదీ అదే వరస. పిల్లలు పెరిగి, పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయినా పిలుపులు మాత్రం ఇంట్లోనే ఉండిపోతాయి. కనయె ఒసాకాలో కాపురం పెట్టి చాలా కాలమైంది. ఇప్పుడు మిజుయేని పేరు పెట్టి పిలిచే మనిషి ఆ ఇంట్లో ఒక్క అత్తగారు తోమియే. అదీ పని చెప్పడానికి.

అద్దం తుడుస్తూ మిజుయే లోపలికి చూస్తుంది. మధ్య అరలో నల్లటి డిజిటల్ కెమెరా, దాని పక్కన పొడుగు లెన్సు, వాటి చుట్టూ చాలా ఖాళీ. ఆ ఖాళీలో ఒకటి ఉండాలి. పెళ్ళికి ముందు మిజుయే చేతి తొడుగుల ఫ్యాక్టరీలో పనిచేసేది. తొడుగుకు బొటనవేలు అతికించి కుట్టడం ఆమె పని. అక్కడి అమ్మాయిలు కొందరు కలిసి ఫోటోల సంఘం పెట్టుకున్నారు. సెలవు దొరికితే పడవెక్కి దీవులకు పోయేవాళ్ళు. తీసిన ఫిల్మును సామాన్ల గదిలో కిటికీలకు నల్లగుడ్డ కట్టి తామే కడుక్కునేవాళ్ళు. మొదటి బోనస్‌తో మిజుయే ఒక కెమెరా కొనుక్కుంది. అంతా ఇనుమే, మెడ లాగేసేంత బరువు. దానికి కన్ను ఆనిస్తే ఎదుటి ముఖం రెండు ముక్కలై కనబడేది. లెన్సు మెల్లగా తిప్పితే ఆ రెండు ముక్కలూ జరిగి జరిగి ఒకటిగా అతుక్కునేవి, తొడుగుకు బొటనవేలు అతుక్కున్నట్టే. అప్పుడు మీట నొక్కాలి. నొక్కగానే లోపలి అద్దం టక్కున పైకి లేచి రెప్పపాటు అంతా చీకటైపోయేది. అంటే ఫోటోలో పడే ఆ క్షణాన్ని తీసేవాళ్ళు మాత్రం చూడరు! ఈ సంగతి తట్టిన రోజు ఆమె పడవ మీద పకపకా నవ్వేసింది. ఆ చీకట్లో ఏం జరిగి ఉంటుంది? అలలా లేచిన జుట్టు పడిపోయి ఉంటుందా? ఎదురుగా కూర్చున్న ముసలమ్మ కళ్ళు మూసి ఉంటుందా? ఫిల్ము కడిగితే గాని తెలియదు. ఆ తెలియకపోవడం కోసమే ఆమె ఫోటోలు తీసేదేమో.

పెళ్ళయ్యాక 'నా కెమెరా' కాస్తా 'మన కెమెరా' అయింది. పిల్ల పుట్టాక 'నాన్న కెమెరా' అయింది. ఎప్పుడు మారిందో చెప్పమంటే మిజుయే చెప్పలేదు. ఎవరూ లాక్కోలేదు. బడిలో ఆటల పండగ వచ్చేది. గేటు తెరవకముందే వెళ్ళి ముందు వరసలో చాప పరిచి చోటు పట్టడం, కెమెరా పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చోవడం తండ్రుల పని. చీకటితో లేచి కోడి మాంసం వేయించి, గుడ్డు చుట్టలు చుట్టి, అంతస్తుల డబ్బాల్లో సర్దుకుని రావడం తల్లుల పని. "నువ్వు మూతలు తియ్యమ్మా, నేను తీస్తాలే," అనేవాడు షిగెకి. కనయె పరుగుపందెంలో గీత దాటిన క్షణంలో మిజుయే ఊరగాయ డబ్బా మూత తీస్తూ ఉంది. తర్వాత ఫోటోలో చూసి, పిల్ల గెలిచిందని తెలుసుకుంది. ఆ ఫోటో అంచున ఒక చెయ్యి కూడా పడింది, చాప్‌స్టిక్స్ పట్టుకుని. ఆ చెయ్యి ఆమెది.

ఆ తర్వాత ఒక సాయంత్రం షిగెకి పెద్ద సంచీతో ఇంటికి వచ్చాడు. "పాతదిచ్చేసి డిజిటల్‌ది తెచ్చా. షాపువాడు మంచి ధర కట్టాడు తెలుసా! ఎలాగూ నువ్వు వాడటం లేదుగా," అన్నాడు, ఎంతో సంతోషంగా. వాడటం లేదన్నది నిజమే. ఎందుకు వాడటం లేదన్న ప్రశ్న మాత్రం ఆయనకు రాలేదు, ఆమె కూడా తేలేదు. కొత్తదానికి కన్ను ఆనించి చూసింది. మంచు. గది నిండా పొగమంచు పట్టినట్టు, గోడా తెలియదు, మనిషీ తెలియదు. "మసగ్గా ఉందండీ," అంది. షిగెకి తీసుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, చూశాడు. "తళతళలాడుతోంది. కళ్ళు పోయాయి నీకు. వయసు!" అన్నాడు. గుమ్మం దగ్గర బఠాణీలు వలుస్తున్న తోమియే ఆ మాటకు తల ఎత్తి కోడలి వైపు ఒకసారి చూసి మళ్ళీ బఠాణీల్లో పడింది. మిజుయే నమ్మింది. అదే కళ్ళతో ఆ రాత్రి సూదిలో దారం ఎక్కించి ఆయన ప్యాంటుకు బొత్తాం కుట్టింది. ఐనా నమ్మింది.

*

చేపల కొట్టు ముసలాయన అంత్యక్రియలకు వెళ్ళొచ్చిన రోజు తోమియే నల్ల కిమోనో కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో కూలబడింది.

"ఏమే మిజుయే, ఆ ఫోటో చూశావా నువ్వు? ఆయన ఫోటో?"

"చూశానత్తయ్యా."

"భుజం మీద ఎవరిదో చెయ్యి! ఏ తాగుడు విందులో తీసిందో ఏమో, కత్తిరించి పెద్దది చేయించారు. పక్కవాణ్ణి చెరిపారు గాని చెయ్యి మర్చిపోయారు. ధూపం వేసి దణ్ణం పెడుతుంటే నాకు నవ్వాగలేదు. ఏడుస్తున్నాననుకుని వాళ్ళ కోడలు వీపు నిమిరింది."

మిజుయే కూడా నవ్వింది. మామగారు పోయినప్పుడూ ఇంతే. ఇంటి నిండా షిగెకి తీసిన ఫోటోలు. కొండలు, పడవలు, పూసిన చెర్రీ చెట్లు, పరిగెత్తే పిల్లలు. తండ్రి ముఖం ఒక్కటి లేదు. చివరికి వేడినీటి బుగ్గల యాత్రలో తీసిన గుంపు ఫోటోలోంచి తల కత్తిరించి, ఎవరిదో కోటు, టై కింద అతికించారు. ఇప్పటికీ ఆ టై ఎవరిదని తోమియే దీపం పెట్టినప్పుడల్లా అడుగుతుంది.

"నాది ముందే తీసి పెట్టుకోవాలి," అంది తోమియే. "నువ్వు తియ్యి."

"నేనా? ఆయనున్నారుగా."

"వాడు వద్దు. వాడు తీస్తే నేను పోలీసు స్టేషన్లో నిలబడ్డట్టుంటాను. 'నానమ్మా, గడ్డం దించు, నానమ్మా, కదలకు.' వాడికి చెట్లు తియ్యడమే వచ్చు, అవి కదలవు కాబట్టి."

"నాకు కళ్ళు సరిగా ఆనవు అత్తయ్యా, కెమెరాలో."

"పిండి తొక్కుతున్న ఫోటో తీసింది నువ్వు కాదూ?"

మిజుయే చేతిలో గిన్నె ఆగిపోయింది. పెళ్ళయిన మొదటి ఏడు అది. పండక్కి ఉడోన్ నూడుల్స్ చేస్తూ తోమియే పిండి ముద్దను చాపలో చుట్టి నేల మీద పెట్టి పాదాలతో తొక్కుతోంది, ఎవరూ చూడటం లేదనుకుని చిన్నగా తైతక్కలాడుతూ. కొత్త కోడలు తలుపు చాటు నుంచి టక్కుమనిపించింది. ఆ రోజు పడ్డ తిట్లు మిజుయేకి ఇంకా గుర్తే: "పని వదిలేసి ఫోటోలు తీసే కోడలొచ్చిందమ్మా మాకు. నా కాళ్ళ ఫోటో ఎవడు చూస్తాడు?"

"అది నా బట్టల పెట్టెలో ఉంది," అంది తోమియే, కిమోనో నడికట్టు విప్పుకుంటూ. "అందులో నేనున్నాను. మిగతా వాటిల్లో షిగెకి వాళ్ళమ్మ ఉంది. ఈసారి కాళ్ళు కాదు, ముఖం తియ్యి. చలి ముదరకముందే తియ్యి."

ఆ రాత్రి అన్నాల దగ్గర మిజుయే కెమెరా కొనుక్కుంటానంది. అంత చిన్న మాట నోట్లోంచి రావడానికి మిసో పులుసు చల్లారిపోయేంత సేపు పట్టింది.

"ఫోన్ ఉందిగా," అన్నాడు షిగెకి.

"ఫోన్ కాదండీ. అద్దం ఉండేది. కన్ను పెట్టి చూసేది."

"నీ కళ్ళకా?" అన్నాడు. కాని కెమెరా అన్న మాటకే ఆయన ముఖం వెలిగిపోయింది. రిటైరైన దగ్గర నుంచీ ఆయనకు తేల్చడానికి ఏమీ దొరకలేదు. మర్నాటికల్లా బల్ల మీద పత్రికలు వచ్చిపడ్డాయి. ఏది ఎంత బరువు, దేనికి ఏ లెన్సు పడుతుంది, ఏది ఈ ఏడు పాతబడుతుంది అని ఎర్ర పెన్సిలుతో గీతలు పడ్డాయి. "ఏం తియ్యాలనుకుంటున్నావు?" అని మాత్రం ఆయన అడగలేదు.

ఆదివారం పెద్ద ఎలక్ట్రానిక్స్ దుకాణానికి తీసుకెళ్ళాడు. ముదురు నీలం కోటు వేసుకున్న కుర్ర అమ్మకందారు షిగెకికి వంగి నమస్కరించాడు. "మా ఆవిడకి," అన్నాడు షిగెకి. "అలాగా సార్! ఆడవాళ్ళకైతే తేలికపాటిది చూపిస్తాను సార్," అన్నాడు వాడు, ఆమె పక్కనే ఉండగా. తెల్లటిది ఒకటి తెచ్చాడు. అరచేతిలో ఇమిడిపోయింది. "అమ్మగారి చేతికి బరువుండదు సార్." పొద్దున్నే తాను రెండు చేతులా ఎత్తి వంచి వచ్చిన నూనె మూకుడు గుర్తొచ్చింది మిజుయేకి. కెమెరా అందుకుని కన్ను ఆనించింది. లోపల చిన్న టీవీ ఉంది. దుకాణమంతా ఆ టీవీలో కనబడుతోంది, రంగులద్దుకుని, అసలు కన్నా కొంచెం ముద్దుగా. తల తిప్పితే అది వెనకనుంచి రెండంగలు ఆలస్యంగా పరిగెత్తుకొచ్చినట్టుంది. మీట నొక్కింది. చీకటి పడలేదు.

"ఇందులో అద్దం లేదా?" అని అడిగింది.

"అద్దాలు పాతబడిపోయాయి సార్," అన్నాడు కుర్రవాడు షిగెకితో. "తీయబోయే ఫోటో ఎలా వస్తుందో ఇందులో ముందే కనబడిపోతుంది."

ముందే కనబడిపోతే ఇంక తియ్యడం దేనికి, అనుకుంది మిజుయే. చాలా ఏళ్ళ తర్వాత తనకంటూ ఒక పట్టింపు దొరికింది. "చూద్దాంలే, నూతన సంవత్సరం అమ్మకాల్లో తీసుకుందాం. అది మనిద్దరికీ పనికొస్తుంది," అన్నాడు షిగెకి, తిరిగి వస్తూ బస్సులో. మనిద్దరికీ.

*

మంగళవారం పని దిగి మిజుయే సైకిలు ఇంటి వైపు తిప్పలేదు. కప్పు వేసిన బజారు వీధిలో, గొడుగుల కొట్టు పక్క సందులో, పాత కెమెరాలు కొని అమ్మే దుకాణం ఒకటుందని ఆమెకు తెలుసు. కురామోచి అని పెద్దాయన నడుపుతాడు. ఎన్నిసార్లు ఆ సందు ముందు నుంచి పోయిందో, అన్నిసార్లూ చూపు పక్కకు తిప్పుకుని పోయింది. తన ఇనుప కెమెరా అక్కడి గాజు బీరువాలో కనబడుతుందేమోనని భయం. ఇవాళ తిన్నగా వెళ్ళి తలుపు తోసింది.

కురామోచి గల్లాపెట్టె వెనక కూర్చుని ఉడోన్ జుర్రుకుంటున్నాడు. "చూసుకోండమ్మా, బీరువాలు తెరిచే ఉన్నాయి," అన్నాడు, నోటి నిండా ఉన్నది మింగకుండానే.

"చేతులకి నూనె ఉందండీ. వంటగదిలో పనిచేసి వస్తున్నాను."

"నా చేతులకి పులుసుంది," అంటూ తడిగుడ్డ ఒకటి ఆమె వైపు జరిపాడు. "తుడుచుకుంటే సరి."

ఎవరూ చూడకుండా కెమెరాల మధ్య నిలబడి ఎన్నాళ్ళయిందో. డిజిటల్‌వాటిలో అద్దం ఉన్నవి ఏవని అడిగి ఆ వరసలోంచి మొదటిది తీసింది. పట్టీ రాసుకున్న చోట రంగు పోయి లోపలి లోహం మెరుస్తోంది. కన్ను ఆనించింది. మంచు. కళ్ళు పోయిన మాట నిజమే అన్నమాట. ఐనా రెండోది తీసింది, చేతులు తుడుచుకుని వచ్చింది కదా అని. కన్ను ఆనించేసరికి ఉలిక్కిపడింది. గోడ మీది క్యాలెండరులో అంకెలు, కురామోచి గిన్నె అంచున అతుక్కున్న ఉల్లికాడ ముక్క, దాని మీంచి లేస్తున్న ఆవిరి, ఒక్కొక్కటీ కడిగి పెట్టినట్టున్నాయి. గబగబా మూడోది తీసింది. మసక, కాని మొదటిదంత కాదు. నాలుగోది, నీళ్ళలోంచి చూసినట్టు. మళ్ళీ రెండోది. స్పష్టం! ఇదేం చోద్యం? ఒక కన్ను ఒక కెమెరాలో పోయి ఇంకో కెమెరాలో తిరిగొస్తుందా? బంగాళదుంప కట్లెట్ ఎందుకు పేలిందో, పిండి ఎందుకు విడిపోయిందో మూకుడు పక్కన నిలబడి పట్టుకునే మనిషి ఆమె. ఈ సంగతి తేల్చకుండా ఇంటికి పోయేది లేదనుకుంది. మొదటిదాన్ని వెలుతురు దగ్గరికి తెచ్చి నాలుగు పక్కలా తిప్పి చూసింది. కన్ను పెట్టే కిటికీ పక్కన, రబ్బరు కింద, గోరంత చక్రం ఒకటుంది. అంచుకు పళ్ళున్నాయి. కన్ను ఆనించే ఉంచి గోటితో దాన్ని నెట్టింది. మంచు చిక్కబడింది. అటు నుంచి ఇటు నెట్టింది. మంచు పలచనైంది. ఇంకొంచెం. గొడుగుల కొట్టు బయట వేలాడదీసిన గొడుగుల ఊచలు ఒకటొకటే తేలాయి. ఇంకొంచెం. ఒక ముసలావిడ సైకిలు బుట్టలో ముల్లంగి కట్ట, దాని ఆకు మీద వాన చుక్క.

"పెద్దాయనా, ఈ చక్రం ఏమిటండీ?"

"కంటికి సరిచేసుకునేది. ఒక్కొక్కరి కన్ను ఒక్కో తీరు కదమ్మా."

"మరి ఇవన్నీ ఒక్కోటీ ఒక్కోలా..."

"అమ్మిపోయిన వాళ్ళ కళ్ళవి. నేను దుమ్ము తుడుస్తాను, బూజు తీస్తాను, ఆ చక్రం జోలికి మాత్రం పోను. కొనేవాళ్ళు ఎలాగూ తిప్పుకుంటారు, నేను మధ్యలో నా కంటికి పెట్టడం దేనికి?" అని గిన్నె ఎత్తి మిగిలిన పులుసు తాగేశాడు.

మిజుయే బీరువా వైపు చూసింది. వరసగా కూర్చున్న కెమెరాలు, ఒక్కోదానిలో ఒక్కో మనిషి కన్ను. ఆ మొదటిదాని ఆసామి దగ్గరి వస్తువులు తప్ప కనబడని వాడై ఉంటాడు, షిగెకిలాగే. షిగెకిలాగే! ఆ మాట తనకు తానే అనుకుని అక్కడే నిలబడిపోయింది. నుదుటి మీదికి నెట్టిన కళ్ళజోడు. "తళతళలాడుతోంది." ఆ రోజు దుకాణంలో ఎవడో ఆయన కంటికి చక్రం సరిచేసి ఇచ్చి ఉంటాడు. ఆయనకు ఆ సంగతే తెలిసి ఉండదు. ఆయన అబద్ధమాడలేదు. తనకు కనబడింది గనక అది లోకం తీరనుకున్నాడు. కనబడనిది ఆమె తప్పనుకున్నాడు. ఆమె కూడా అదే అనుకుంది. ఇంట్లో ఇంకా ఎన్నిటికి ఇలాంటి చక్రాలున్నాయో అనిపించింది. టీవీ సద్దు, స్నానం నీళ్ళ వేడి, పులుసులో ఉప్పు, నిద్ర లేచే వేళ. దేని మీదా ఆమె గోరు పెట్టి చూడలేదు.

ఏమీ కొనకుండా ఇంటికి పోయింది. షిగెకి వీధి సంఘం సమావేశానికి వెళ్ళి ఉన్నాడు. మిజుయే చేతులు సబ్బుతో కడుక్కుంది, తర్వాత ఎందుకు కడుక్కున్నానా అనుకుంది. అలమర తలుపు తీసింది. లోపలి గాలి పొడిగా, ఎవరూ ఊపిరి పీల్చని గదిలోదిలా ఉంది. నల్ల కెమెరా తీసి కన్ను ఆనించింది. అదే మంచు. కిటికీ పక్కన తడిమింది. చక్రం ఉంది. నెట్టింది, ఇంకొంచెం నెట్టింది. తన ఇల్లు తనకు కనబడింది. బల్ల మీద మరక, మామగారి ఫోటోలో ఎవరిదో టై మీది చుక్కలు, పక్క గదిలో నిద్రపోతున్న తోమియే నోటి పక్క ముడతలు. అవన్నీ ఆమె రోజూ చూసేవే. ఐనా అదే మొదటిసారన్నట్టు చాలా సేపు చూసింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది గాని రాలేదు. వచ్చింది నవ్వు. గోరంత చక్రం!

సరే, ఇంక కొనడం దేనికి? ఇదే వాడుకోవచ్చు. అత్తగారి ఫోటో ఇవాళే తియ్యొచ్చు. తీసి, మళ్ళీ ఆయన కంటికి తిప్పి పెట్టేస్తే ఆయనకు తెలియను కూడా తెలియదు. ఆ ఆలోచన దగ్గర ఆమె వేలు ఆగింది. తనకు కావలసినంత సేపు తిప్పుకుని, ఆయన వచ్చే వేళకు మళ్ళీ ఆయనకు తగ్గట్టు తిప్పి పెట్టడం. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో తాను చేస్తూ వచ్చింది అదే కదూ? మిజుయే చక్రాన్ని ఎలా ఉన్నదాన్ని అలా వెనక్కి తిప్పింది. మంచు కమ్ముకుంది. అది ఆయన కన్ను, ఆయనకే ఉండనీ. కెమెరాను దాని చోట పెట్టి తలుపు వేసింది.

మర్నాడు కురామోచి దుకాణంలో మధ్యాహ్నం దాకా ఉంది. రెండో కెమెరా, అప్పనంగా స్పష్టంగా కనబడ్డది, తీసుకోలేదు. ఎవరో తనలాంటి కన్నున్న మనిషి సరిచేసి పెట్టినది అది. తాను తిప్పుకోవాలి. ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టి మీట నొక్కి చప్పుడు విన్నది. కొన్ని దగ్గినట్టు మోగాయి, కొన్ని కసిరినట్టు. మూల సొట్ట పడిన ఒకటి, బరువైనది, తొడుగులోంచి వేలు లాగినట్టు మెత్తగా టక్కుమంది. కన్ను ఆనించి నొక్కింది. చీకటి. రెప్పపాటు, పూర్తిగా తన చీకటి.

"సొట్ట ఉందమ్మా దానికి. కొంచెం బరువు కూడా," అన్నాడు కురామోచి.

"నాకూ ఉన్నాయి సొట్టలు," అంది మిజుయే. తన మాటకు తానే ఆశ్చర్యపోయింది. పెద్దాయన పడీపడీ నవ్వాడు.

*

వీధి కాలవలు బాగుచేసే ఆదివారం షిగెకి రబ్బరు బూట్లు తొడుక్కుని బయటికి పోగానే తోమియే బూడిదరంగు కిమోనో కట్టుకుని వసారాలో కూర్చుంది. ఎండ పక్క నుంచి పడుతోంది.

"నవ్వాలా?"

"మీ ఇష్టం."

"నవ్వితే కట్టుడు పళ్ళు కదులుతాయి. కదిలి పడితే ఆ ఫోటో పెట్టి మీరంతా నవ్వుతారు, నేను పెట్టెలో పడుకుని వినాలి."

"ఆ రోజు పిండి తొక్కుతూ ఏం పాడుకుంటున్నారు?" అని అడిగింది మిజుయే, చక్రం సరిచూసుకుంటూ.

"పాడానా? నేనా?" అంది తోమియే. గుర్తు చేసుకోబోయింది. ఎక్కడో దొరికింది. పాదం వేళ్ళు చాప మీద కొంచెం కదిలాయి, ఆ కదలిక పైకి పాకి పెదాల చివరికి వచ్చింది. మిజుయే నొక్కింది. చీకటి.

"అయిందా? ఎలా వచ్చింది?"

"తెలియదు. నేను చూడలేదు," అంది మిజుయే, ఉత్సాహంగా. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి వెనకనున్న తెర చూశారు. తోమియే తెర మీది ముఖాన్ని వేలి చివరతో తాకింది. తర్వాత, "ఈవిడైతే పరవాలేదు. ఈవిడికి ధూపం వెయ్యొచ్చు," అంది. కోడలి వైపు తిరిగి, "మరి నీది ఎవరు తీస్తారే?" అంది.

మిజుయే కెమెరా పట్టీ సర్దుకుంది.

"ఇలా ఇవ్వు."

"బరువత్తయ్యా."

"పిండి తొక్కినదాన్ని నాకు చెప్తావా?" అంటూ లాక్కుని మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి కన్ను పెట్టింది. "అబ్బ, ఏమీ లేదిందులో! అంతా మంచు."

మిజుయే వంగి, తోమియే వేలు పట్టుకుని చక్రం మీద పెట్టింది. "ఇది తిప్పండి. మెల్లగా. మీకు కనబడేదాకా."

తోమియే తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగింది. "ఆఁ," అంది. కెమెరా వెనక ఆ ముసలి ముఖం నిశ్చలమైపోయింది. కన్ను తియ్యకుండానే, మెల్లగా అడిగింది: "వాడు ఆ రోజు నీకు కళ్ళు పోయాయన్నాడు. ఇదేనా సంగతి?"

"ఇదే."

"నేనూ నమ్మానే మిజుయే," అంది తోమియే. ఈసారి ఆ పేరు వెనక ఏ పనీ లేదు. టక్కుమంది.

మిజుయే చక్రాన్ని మళ్ళీ తన కంటికి తిప్పుకుంటుండగా షిగెకి వచ్చాడు, బూట్ల నిండా బురదతో. వసారాలో వాళ్ళిద్దర్నీ, మధ్యలో ఆ నల్లటి వస్తువునీ చూసి ఆగిపోయాడు.

"ఎక్కడిదమ్మా ఇది? కొన్నావా? నన్నడక్కుండానా? సొట్ట కూడా ఉంది! ఎవడంటగట్టాడు నీకు?" చేతులు ప్యాంటుకు తుడుచుకుని ఆమె చేతిలోంచి అందుకున్నాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కన్ను ఆనించాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, తోట వైపు చూశాడు. "ఏమీ కనబడి చావటం లేదు. అంతా మసక. పాడైపోయిందిది. ఇవాళే తిరిగిచ్చెయ్యి."

తోమియే పళ్ళు సర్దుకుంది. "కళ్ళు పోయాయేమో నీకు," అంది కొడుకుతో. "వయసు."

మిజుయే లేచి కెమెరాను ఆయన చేతుల్లోంచి తీసుకుంది. వేలు ఒకసారి చక్రం దాకా పోయింది, అలవాటు కొద్దీ. అక్కడే ఆగింది. పట్టీ తల మీంచి వేసుకుని బరువును మెడకు తగిలించుకుంది.

"పాడవలేదండీ," అంది. "నా కంటికి ఉంది."